లాబ్రడార్ కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకునే ముందు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు ఇళ్ళలో పిల్లలు రెండో క్లాసుకో మూడో క్లాసుకో వచ్చేసరికి ఒక కోరిక తప్పకుండా బయటపడుతుంది. అదే కుక్కపిల్ల! పుట్టినరోజుకి ఒకసారి, క్రిస్మస్ సెలవులకి ఇంకోసారి అడుగుతూనే ఉంటారు. ఏ జాతి కావాలంటే ఎక్కువమంది పిల్లల నోట వచ్చే పేరు లాబ్రడార్. అందులో ఆశ్చర్యమేమీ లేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కల్లో 1991 నుంచి 2021 దాకా, అంటే వరుసగా 31 ఏళ్ళు, ఈ జాతిదే మొదటి స్థానం. 2022లో ఫ్రెంచ్ బుల్‌డాగ్ దాన్ని దాటింది.

లాబ్రడార్ మంచి కుక్క. పిల్లలతో కలిసిపోతుంది, నేర్పితే చక్కగా నేర్చుకుంటుంది. అయితే ఇది పది, పన్నెండేళ్ళ బాధ్యత. ముద్దుగా ఉందని తెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే పెంచలేక షెల్టర్‌లో వదిలేస్తే ఆ మూగప్రాణికీ, మన పిల్లలకీ కూడా కష్టమే. అందుకే తెచ్చుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాము.

అసలు ఇది ఎక్కడి కుక్క?

పేరు లాబ్రడార్ అయినా దీని పూర్వీకులది కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడి జాలరులతో పడవల్లో వెళ్ళి, చన్నీళ్ళలో దూకి వలల తాళ్ళు లాగటం, జారిపోయిన చేపల్ని పట్టి తేవటం వీటి పని. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లోని ప్రభువులు వీటిని తెప్పించుకుని, వేటలో పడిన పక్షుల్ని నలగకుండా నోట కరుచుకుని తెచ్చే పనికి తయారుచేశారు. అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1917లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించాయి.

ఈ చరిత్ర ఎందుకంటే, లాబ్రడార్ స్వభావమంతా ఇందులోనే ఉంది. రోజంతా పనిచెయ్యటానికి పుట్టిన కుక్క ఇది. పని లేకపోతే సోఫా కొరుకుతుంది. నోటితో పట్టుకోవటం దాని వృత్తి కనుక చెప్పులు, సాక్సులు, రిమోట్లు, మీ తెలుగు వాచకాలు అన్నీ దాని నోట్లోకే! నీళ్ళంటే ప్రాణం, బురద గుంట కనిపిస్తే ఆగదు.

మన ఊళ్ళో కుక్క, ఇక్కడి కుక్క

తల్లిదండ్రుల్లో చాలామంది ఊళ్ళో కుక్కని చూసే ఉంటారు. వాకిట్లో పడుకునేది, మిగిలిన అన్నం తినేది, ఊరంతా తిరిగి సాయంత్రానికి ఇంటికి చేరేది. ఇక్కడ ఆ పద్ధతి కుదరదు. కుక్క ఇంట్లోనే ఉంటుంది. బయటికి తీసుకెళ్తే మెడకి పట్టా, చేతిలో లీష్ ఉండాలి. అది చేసిన దొడ్డి సంచీలో ఎత్తి పారెయ్యాల్సింది మనమే. చాలా ఊళ్ళలో లైసెన్సు తీసుకోవాలి. అపార్టుమెంటులో ఉంటే కుక్కల్ని అనుమతిస్తారా, ఎంత బరువు దాకా అనుమతిస్తారు, నెలనెలా అదనపు అద్దె ఉందా అనేది ముందే కనుక్కోవాలి.

ఎనిమిది వారాలప్పుడు చంకలో ఇమిడిపోయే పిల్ల, ఏడాది తిరిగేసరికి ఆడదైతే 55 నుంచి 70 పౌన్లు, మగదైతే 65 నుంచి 80 పౌన్లు తూగుతుంది. అంటే నాలుగో క్లాసు పిల్లవాడంత! ఒళ్ళు పెరుగుతుంది కానీ బుద్ధి ఇంకా పసిదే. ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా ఉండే ఈ దశలోనే ఇంట్లోవాళ్ళ ఓపిక ఎక్కువగా పరీక్షకి వస్తుంది.

పగలు ఇంట్లో ఎవరుంటారు?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. కుక్కపిల్ల ఎంతసేపు ఆపుకోగలదో తెలుసుకోవటానికి ఒక మోటు లెక్క ఉంది. దాని వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు. అంటే రెండు నెలల పిల్ల మూడు గంటలకి మించి ఆగలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి, పిల్లలు బడికి వెళ్ళే ఇంట్లో మధ్యాహ్నం వచ్చి దాన్ని బయటికి తీసుకెళ్ళేది ఎవరు? రాత్రి రెండింటికి లేచేది ఎవరు? ఈ రెంటికీ జవాబు దొరకకపోతే ఇంకో ఏడాది ఆగటం మంచిది. రెండు మూడేళ్ళు నిండిన పెద్ద లాబ్రడార్‌ని రెస్క్యూ సంస్థ నుంచి తెచ్చుకోవటం కూడా చక్కని మార్గమే.

వంటింటి జాగ్రత్తలు

ఇది మన ఇళ్ళకి మరీ ముఖ్యం. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తకణాలని దెబ్బతీస్తాయి. పచ్చివే కాదు, ఉడికినవీ, పొడి చేసినవీ అంతే. కనుక సాంబారు అన్నం, కూర కలిపిన ముద్ద, పకోడీ ఏవీ పెట్టకూడదు. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్‌లు కొద్దిగా తిన్నా మూత్రపిండాలు పాడవచ్చు. పరమాన్నంలో, లడ్డూలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కూడా విషమే. పేరంటానికి వచ్చినవాళ్ళు ప్రేమతో పెట్టే ప్రసాదం దగ్గర పిల్లలే కాపలా కాయాలి.

పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచుదామంటే ఎదిగే పిల్లకి చాలదు. పెద్ద జాతుల కుక్కపిల్లల కోసం ప్రత్యేకంగా తయారుచేసే ఆహారం పెట్టాలి. ఎముకలు మరీ తొందరగా ఎదగకుండా అందులో కాల్షియం పాళ్ళు సరిచూసి కలుపుతారు. ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళు ఈ విషయం ముందే మాట్లాడుకుని, పశువైద్యుల సలహా తీసుకోవాలి.

లాబ్రడార్‌కి ఆకలి తీరటమంటూ ఉండదు. నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఆకలిని పెంచే జన్యు మార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొన్నారు. అలా అని అడిగినప్పుడల్లా పెట్టకూడదు. 48 లాబ్రడార్‌లని పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. పాతిక శాతం తక్కువ తిన్నవి మిగిలినవాటికన్నా దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. జాలిపడి పెట్టే ప్రతి ముద్దా దాని ఆయుష్షులోంచి తీసి పెడుతున్నట్టే అన్నమాట.

ఆరోగ్యం, టీకాలు

ఈ జాతికి తుంటి కీళ్ళు, మోచేతి కీళ్ళు, కళ్ళ జబ్బులు వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఉంది. బ్రీడర్ దగ్గర కొనేటట్లయితే తల్లి, తండ్రి కుక్కలకి ఈ పరీక్షలు చేయించిన పత్రాలు అడగండి. తల్లిని, అది ఉండే చోటుని స్వయంగా వెళ్ళి చూడండి. ఫొటో చూపించి ముందే డబ్బు పంపమనేవాళ్ళని నమ్మకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లని తెచ్చుకోకండి. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర అది నేర్చుకునే పాఠాలు మనం నేర్పలేము.

ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాలు వచ్చేదాకా విడతలుగా టీకాలు వేయించాలి. రేబిస్ టీకా తప్పనిసరి. దోమల వల్ల వచ్చే హార్ట్‌వార్మ్‌కి నెలనెలా మందు ఉంది. టీకాలు పూర్తయ్యేదాకా డాగ్ పార్కులకి తీసుకెళ్ళకూడదు. కానీ ఈ మొదటి నెలల్లోనే దానికి రకరకాల మనుషుల్ని, చప్పుళ్ళని అలవాటు చెయ్యాలి. కుక్కర్ కూత, మిక్సీ మోత, హారతి గంట కూడా అందులోకే వస్తాయి!

లాబ్రడార్ వెంట్రుకలు ఏడాది పొడుగునా రాలతాయి, ఏడాదికి రెండుసార్లు మరీ విపరీతం. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, ఎలర్జీ ఉంటే ముందు స్నేహితుల ఇంట్లో కుక్కతో కొన్నిసార్లు గడిపి చూడండి.

ఇండియా ప్రయాణం, ఇంటికి వచ్చే పెద్దవాళ్ళు

వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఇండియా వెళ్తే కుక్క ఎక్కడ ఉంటుంది? ఇంత బరువున్న కుక్క విమానంలో మనతో కూర్చుని రాలేదు. పైగా 2024 ఆగస్టు నుంచి అమెరికాలోకి వచ్చే కుక్కలకి నిబంధనలు పెరిగాయి. మైక్రోచిప్ ఉండాలి, ఆరు నెలలు నిండాలి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది కనుక టీకా పత్రాలు కూడా కావాలి. కాబట్టి బోర్డింగ్ ఖర్చు టికెట్ల ఖర్చుతో పాటే లెక్క వేసుకోవాలి. కుక్కలున్న రెండు మూడు కుటుంబాలు ఒకరికొకరు సాయపడాలని మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

అమ్మమ్మా తాతయ్యా, నానమ్మా ఆర్నెల్లు ఉండటానికి వస్తారు. 70 పౌన్ల కుక్క ప్రేమతో మీదికి దూకినా పెద్దవాళ్ళు పడిపోతారు. దూకకూడదని చిన్నప్పుడే నేర్పండి. పూజగదికీ వంటింటికీ అడ్డంగా చిన్న గేటు పెడితే మడి కట్టుకునేవాళ్ళకీ ఇబ్బంది ఉండదు.

తెలుగు నేర్చుకునే కుక్క

పిల్లలూ, ఇది మీకోసం! కుక్కకి ఏ భాషైనా ఒకటే. అమ్మ "కూర్చో" అని, నాన్న "సిట్" అని, అమ్మమ్మ "కూచోవే" అని అంటే దానికి అయోమయం. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. మాటలు పొట్టిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. "వద్దు", "వదులు" ఒకేలా మొదలవుతాయి కనుక నోట్లోది ఇమ్మనటానికి "ఇచ్చెయ్" అనండి. "రా" అని నేర్పితే "రాకు" అనకండి, "ఆగు" అనండి. చెప్పినట్టు చేసిన వెంటనే మెచ్చుకుని చిన్న తాయిలం పెట్టండి. కొట్టకూడదు, అరవకూడదు.

మన మహాభారతం మొదట్లోనే కుక్క ఉంది. తప్పు చెయ్యని తన పిల్లని అకారణంగా కొట్టారని సరమ నేరుగా జనమేజయుణ్ణి నిలదీస్తుంది. చివర్లోనూ కుక్క ఉంది. తన వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ప్రాణిని హింసించకూడదు, నమ్మి వచ్చినదాన్ని వదలకూడదు. కుక్కని పెంచేవాళ్ళకి ఈ రెండూ చాలు.

చివరగా ఒక లెక్క

మూడో క్లాసులో కుక్కపిల్లని తెచ్చుకుంటే, పిల్లవాడు కాలేజీకి వెళ్ళే నాటికి దానికి పదేళ్ళు వస్తాయి. అంటే అది ముసలిదయి, మెట్లెక్కలేక మందులు వేసుకునే రోజుల్లో దగ్గరుండేది అమ్మా నాన్నలే. కనుక కుక్క పిల్లలది అనుకోకండి. అది ఇంటిది. పెద్దవాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే తెచ్చుకోండి.

నిర్ణయించుకునే ముందు పిల్లలు ఒక నెల రోజులు రోజూ పొద్దున్నే ఆరింటికి లేచి, వానైనా మంచైనా అరగంట నడిచి రండి. సాయంత్రం మళ్ళీ అరగంట. ఒక్క రోజూ మానకుండా నడిస్తే, మీ ఇల్లు కుక్కపిల్లకి సిద్ధంగా ఉన్నట్టే. దానికో చక్కని తెలుగు పేరు ఇప్పటి నుంచే వెతుక్కోండి!