బెంగుళూరు పురపాలనము - పౌరుల పాత్ర

రాజ్యపాలనమును గూర్చి మాటలాడువారు పెక్కుమంది. పురపాలనమును గూర్చి ఆలోచించువారు కొలదిమంది. ఐనను మానవుని దినచర్యకు మిక్కిలి దగ్గరగా నున్న ప్రభుత్వము పురపాలక సంఘమే. వీధిలో దీపము వెలుగుట, మురుగుకాలువ పారుట, చెత్త తొలగింపబడుట, పుట్టినవారి పేరును గిట్టినవారి పేరును పుస్తకమున కెక్కుట - ఇవన్నియు దాని పనులే. ఈ పనులు సక్రమముగా జరుగునట్లు చూచుటకు పౌరులకు గల అధికారమెట్టిది? అది ఎట్లు లభించినది? ఎట్లు సన్నగిల్లినది? మరల ఎట్లు నిలువగలదు? బెంగుళూరు నగరచరిత్రలో ఈ ప్రశ్నలకు సమాధానము కలదు. ఇచ్చట తరతరములుగా నివసించుచున్న తెలుగువారికిని, నిన్నమొన్న వచ్చి స్థిరపడినవారికిని ఇది తెలిసికొనదగిన విషయము.

పేట పెద్దల కాలము

1537లో కెంపేగౌడ నిర్మించిన పేట నేటి మహానగరమునకు బీజము. ఆయన పేర తెలుగున గంగాగౌరీ విలాసమను యక్షగానము ప్రసిద్ధమై యున్నది. ఆ పేటలోని వీధుల పేర్లే వృత్తులను చెప్పును. అక్కిపేటలో బియ్యము, అరళెపేటలో ప్రత్తి, బళెపేటలో గాజులు అమ్ముడుపోయెడివి. కుంబారపేటలో కుమ్మరులును, గాణిగరపేటలో గానుగవారును నివసించెడివారు. వర్తకులలోను నేతగాండ్రలోను తెలుగు మాటలాడువారు అనేకులుండిరి. ఆయా వృత్తులవారి తగవులను ఆయా కులపెద్దలే తీర్చెడివారు. ఇది ఒక విధమైన స్వపరిపాలనమే. కాని ఈ పెద్దరికము పుట్టుకతో వచ్చునది. ఎన్నికతో వచ్చునది కాదు. స్త్రీలకును, తక్కువగా నెంచబడిన కులములవారికిని అందు నోరు లేదు. ఊరందరికిని చెందిన నీరు, దారి, ఆరోగ్యము మున్నగు విషయములను ఒక చోట కూర్చుండి విచారించు సభ యొక్కటియు లేకుండెను.

1862 నాటి మండలులు

1809లో బ్రిటిషు సేన శ్రీరంగపట్టణమునుండి బెంగుళూరునకు తరలుటతో పేటకు తూర్పున దండు వెలసినది. 1831 నుండి మైసూరు రాజ్యము బ్రిటిషు కమిషనర్ల పాలనలో నుండెను. ఆ కాలముననే, 1862లో, పేటలోని తొమ్మిదిమంది ప్రముఖులతో పురపాలక మండలి యేర్పడెను. దండునకు వేరొక మండలి నెలకొల్పబడెను.

ఈ మండలులకు ఆధారము 1850 నాటి పట్టణాభివృద్ధి చట్టము. అందొక విశేషము కలదు. ఆ చట్టమును ఏ పట్టణముపైనను బలవంతముగా రుద్దుట ఉద్దేశము కాదు. పట్టణవాసులు కోరినచోటనే దానిని ప్రవేశపెట్టవలెను. పన్ను చెల్లించువాని సమ్మతి పురపాలనమునకు మూలమను భావము, ఎంత సంకుచిత రూపముననైనను, ఆ చట్టములో నుండెను. ఆచరణలో మాత్రము సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. అధికారుల మాటయే చెల్లెడిది.

1881లో మైసూరు రాజ్యము చామరాజేంద్ర ఒడయరునకు తిరిగి అప్పగింపబడెను. అదే సంవత్సరము దివాను రంగాచార్లు మైసూరు ప్రజాప్రతినిధి సభను స్థాపించెను. దండు మాత్రము సివిల్ అండ్ మిలిటరీ స్టేషను అను పేర బ్రిటిషు రెసిడెంటు అధీనముననే నిలిచెను. ఇట్లు ఒకే ఊరిలో రెండు ప్రభుత్వములు 1947 వరకును, రెండు పురపాలక సంఘములు 1949 వరకును సాగినవి. ఎన్నిక అను పద్ధతియు ఈ కాలముననే మెల్లమెల్లగా ప్రవేశించినది. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానము దేశమంతటను ఈ భావమునకు బలము చేకూర్చెను. నగర పురపాలక సంఘమున 1913లో గౌరవాధ్యక్ష పదవి యేర్పడి, ఏడేండ్ల తరువాత ఎన్నికవలన లభించు పదవి ఆయెను. ఓటుహక్కు మాత్రము ఆస్తి, పన్ను, చదువు మున్నగు అర్హతలు గల కొలదిమందికే పరిమితమై యుండెను.

ఆ కొలదిమంది యుగముననే నగరమున గొప్ప పనులు జరిగినవి. అర్కావతీనదిపై హెసరఘట్ట చెరువునుండి 1896 నాటికి కుళాయినీరు వచ్చెను. 1898లో ప్లేగు వ్యాపించి ఇరుకుపేటల దుస్థితిని బయటపెట్టగా, బసవనగుడి, మల్లేశ్వరము వంటి విశాలమైన పేటలు పెరిగినవి. 1905లో శివసముద్రపు విద్యుచ్ఛక్తితో వీధిదీపములు వెలిగెను.

సమ్మతి లేని పన్ను: చీరాల పాఠము

మంచి పనులకు ధనము కావలెను. ధనము పన్నులవలన రావలెను. పౌరుల సమ్మతి లేక పన్ను పెంచినచో ఏమగునో తెలుగుదేశమున ఒక చిన్న పట్టణము చూపినది.

1919లో మదరాసు ప్రభుత్వము గుంటూరు జిల్లాలోని చీరాల పేరాలలను పురపాలక సంఘముగా మార్చెను. జనసంఖ్య సుమారు 15,000, పెక్కుమంది నేతగాండ్రు. అంతవరకు యూనియను పాలనలో సాలుకు సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను, ఈ మార్పుతో 40,000 రూపాయలకు పెరుగవలసి వచ్చెను. ప్రజలు విన్నపములు పంపిరి, ప్రభుత్వము వినలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామాల నిచ్చిరి. పన్ను కట్టనివారు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు కలదు. 1921 ఏప్రిలులో గాంధీజీ చీరాలకు వచ్చి, అహింసతో నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట యొకటి అని రెండు మార్గములను చెప్పెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలలో అత్యధికులు ఇండ్లు విడిచి, పురపాలక సరిహద్దునకు వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరు పెట్టిరి. ఎండలకు వానలకు ఓర్చి సుమారు పదునొకండు నెలలు అచ్చట నిలిచిరి. గోపాలకృష్ణయ్యగారు చెరసాల పాలైన తరువాత, ధనబలము సన్నగిల్లి, 1922లో తిరిగి ఇండ్లకు చేరిరి.

చీరాలవారు పారిశుద్ధ్యమునకు శత్రువులు కారు. తమ్మడుగక, తమ శక్తిని గణింపక, పైనుండి వచ్చిన ఆజ్ఞను వారు నిరాకరించిరి. 1850 నాటి చట్టములో నున్న సమ్మతి యను అంకురము చీరాల విషయమున త్రుంచివేయబడెను. ఇదియే ఆ పోరాటపు సారాంశము.

నగరపాలక సంస్థ - చెదరిన అధికారము

1949లో బెంగుళూరులోని రెండు పురపాలక సంఘములు కలసి నగరపాలక సంస్థ యేర్పడెను. స్వతంత్ర భారతమున వయోజనులందరికిని ఓటు లభించెను. ఇక పౌరుని అధికారమునకు కొరత యుండదని తోచును. కాని రెండు కారణములచే ఆ అధికారము చెదరినది.

మొదటిది, పనులు వేరువేరు సంస్థల పాలగుట. నగరమును విస్తరింపజేయు పనికై 1945లోనే ఇంప్రూవుమెంటు ట్రస్టు బోర్డు నెలకొల్పబడెను. 1976లో దాని స్థానమున బెంగుళూరు అభివృద్ధి ప్రాధికారము వచ్చెను. నీరును మురుగును 1964లో జలమండలి పాలబడినవి. ఇవి రాష్ట్రప్రభుత్వముచే నడుపబడునవి. రోడ్డు నగరపాలక సంస్థది, దాని క్రింది గొట్టము జలమండలిది. నీరు రానియెడల ఓటు వేసిన సభ్యుడు, అది తన చేతిలోని పని కాదని చెప్పగలడు. జలమండలి అధికారికి ఓటరు జవాబు చెప్పవలసిన పని లేదు. సంస్థలోపలను ఇట్టిదే స్థితి. 1976 నాటి కర్ణాటక చట్టము ప్రకారము మేయరు పదవి ఒక్క సంవత్సరమే యుండెడిది. కార్యనిర్వాహకాధికారము రాష్ట్రప్రభుత్వము నియమించు కమిషనరుది. సభ తీర్మానించును; కార్యాలయము నడిపించును.

రెండవది, నగరము విపరీతముగా పెరుగుట. 2007లో నగరపాలికకు యలహంక, కృష్ణరాజపురము, బొమ్మనహళ్ళి, మహదేవపుర, దాసరహళ్ళి, బ్యాటరాయనపుర, రాజరాజేశ్వరినగర అను ఏడు నగరసభలును, కెంగేరి పురసభయు, 110 గ్రామములును చేర్పబడి బృహత్ బెంగుళూరు మహానగరపాలికె యేర్పడెను. అంతకు ముందు కెంగేరివాడు తన ఊరి సభకు నడచిపోయి తన సభ్యునితో మాటలాడగలిగెను. తరువాత అతని ఊరు మహానగరమున నొక మూలయైనది. 2010 ఎన్నికలనాటికి వార్డులు 198. 2011 లెక్కల ప్రకారము జనసంఖ్య సుమారు 84 లక్షలు. అనగా సగటున ఒక్కొక్క వార్డునకు 42,000 మందికి పైగా కలరు. చీరాల పోరాటము నాటి పట్టణముకంటె ఇది రెండింతలకు మించినది. చీరాలకు ఒక పూర్తి పురపాలక సభ యుండెను. బెంగుళూరు వార్డునకు ఒక్క సభ్యుడే యుండెను. ప్రతి వార్డును సభ లేని యొక చిన్న పట్టణమని చెప్పవచ్చును.

ఆ ఒక్క సభ్యుడును ఎల్లప్పుడు ఉండలేదు. 2006లో పాలకసభ గడువు ముగిసిన తరువాత 2010 వరకు ఎన్నికలు జరుగలేదు. 2015లో ఎన్నికైన సభ గడువు 2020 సెప్టెంబరులో ముగియగా, 2025లో ఆ సంస్థయే రద్దై ఐదు నగరపాలక సంస్థలు ఏర్పడువరకు ప్రభుత్వ నియుక్తుడైన పాలనాధికారియే పాలించెను. ఐదేండ్ల గడువు తీరకమునుపే ఎన్నికలు జరుగవలెనని రాజ్యాంగము చెప్పుచుండగా ఇట్లు జరుగుట గమనింపదగినది. పన్ను మాత్రము ఏ సంవత్సరమును ఆగలేదు.

వార్డు సంఘము

ఈ లోపమునకు మందు చట్టముననే కలదు. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము, మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనసంఖ్య గల పురములలో వార్డు సంఘము లుండవలెనని విధించెను. కర్ణాటకమున 2011 నాటి సవరణముతో వార్డునకొక సంఘమను ఏర్పాటు వచ్చెను. వార్డు సభ్యుడు అధ్యక్షుడు. ఆ సవరణము ప్రకారము ఆయనతో కూడ పదిమంది నియుక్త సభ్యులుండిరి. వారిలో ముగ్గురు స్త్రీలు, ఇద్దరు షెడ్యూల్డు కులములు లేక తెగలవారు, ఇద్దరు నివాసిసంఘముల ప్రతినిధులు ఉండవలసి యుండెను. వార్డు ప్రణాళికను తయారుచేయుట, వార్డునకు వచ్చిన ధనము ఎట్లు వ్యయమగునో చూచుట, చెత్త తొలగింపును పర్యవేక్షించుట దాని ధర్మములు. నెలకొకసారి సమావేశము కావలెను. సభ్యులు ఎన్నికగాక నియమింపబడుట ఆ ఏర్పాటునందలి లోపము. ఐనను వార్డు అను చిన్న పట్టణమునకు ఇదియే చిన్న సభ.

పౌరులు శ్రద్ధ వహించినచో ఫలితముండునని బెంగుళూరు ఇదివరకే నిరూపించినది. 1994లో శామ్యూల్ పాల్ స్థాపించిన పబ్లిక్ అఫైర్స్ సెంటర్, నగరసేవలపై పౌరుల అభిప్రాయములను సేకరించి, బడిపిల్లలకు మార్కులిచ్చినట్లు ఒక్కొక్క సంస్థకు లెక్కకట్టి ప్రకటించెను. మొదట వచ్చిన మార్కులు మిక్కిలి తక్కువ. 1999లోను 2003లోను మరల పరీక్షింపగా క్రమముగా అభివృద్ధి కనబడెను. 2000లో ఇంటిపన్నును యజమానియే లెక్కించి చెల్లించు స్వయంనిర్ధారణ పద్ధతి వచ్చెను. తనిఖీదారు ఇష్టాయిష్టములకు చోటు తగ్గెను. 2002లో కొన్ని పౌరసంస్థలు కూడి, నగరపాలక సంస్థ మూడు నెలలకొకసారి తన జమాఖర్చులను ప్రజలయెదుట నుంచవలెనని ఉద్యమించినవి. ఈ మూడింటిలోను ఒక సామాన్య లక్షణము కలదు: పౌరుడు ఫిర్యాదుతో నాగక, లెక్క నడుగుట.

తెలుగువారి కర్తవ్యము

బెంగుళూరులోని తెలుగువారిలో పలువురు ఇచ్చట సంపాదించుచు, ఇచ్చట ఇంటిపన్ను కట్టుచు, ఓటు మాత్రము స్వగ్రామమున నుంచుకొందురు. స్వగ్రామాభిమానము మెచ్చదగినదే. కాని చట్టము ప్రకారము ఓటు ఒక్కచోటనే యుండవలెను. అది మామూలుగా నివసించుచోట నుండవలెను. ఓటరు జాబితాలో పేరు లేనివాని వీధిని గూర్చి సభ్యునికి చింత తక్కువగుట సహజము. నివాసిసంఘములో చేరుట, వార్డు సమావేశమునకు పోవుట, వార్డు పనుల జాబితానడుగుట, అవసరమైనచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ననుసరించి అర్జీ వ్రాయుట కష్టసాధ్యములు కావు. ఈ వ్యవహారము కన్నడమున నడచును. ఆ భాషను నేర్చినవానికి అధికారితో తన మాటను తానే చెప్పుకొను శక్తి కలుగును. తెలుగు సంఘములును ఉత్సవములతోపాటు సంవత్సరమునకొకమారైనను, తమ వార్డు ఆదాయవ్యయములను సభ్యులకు చదివి వినిపించినచో మేలు కలుగును.

చీరాల నేతగాండ్రు తమ్మడుగని పాలనమును కాదనుటకు ఇండ్లు విడిచి పాకలలో కాపురముండిరి. నేటి పౌరునకంత త్యాగము అక్కరలేదు. నెలకొక పూట తన వార్డునకై వెచ్చించినచో చాలును. పిలువని సభకు పోనివాడు అధికారుల నిందింపవచ్చును. పిలిచిన సభకు పోనివాడు నిందింపవలసినది తన్ను తానే.