వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యం – మానవ సంబంధాల పాత్ర

విజయవాడ నగరానికి పడమటి దిక్కున, కృష్ణానది ఒడ్డున ఉన్న భవానీపురంలో అసర్ నమాజు తరువాత తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. రైల్వేలోనో ఆర్టీసీలోనో పనిచేసి రిటైరైనవారు, వ్యాపారం కొడుకులకు అప్పగించినవారు నలుగురైదుగురు టీకొట్టు బల్ల మీద చేరతారు. తమలో తాము ఉర్దూలో మాట్లాడుకుంటారు. దారిన పోయే కూరగాయల బండివాడితో తెలుగులో బేరమాడతారు. కృష్ణకు వచ్చిన పాత వరదల నుంచి, ఎవరి మనవరాలికి ఎక్కడ సంబంధం కుదిరిందనే విషయం దాకా అన్నీ వారి మాటల్లో దొర్లుతాయి. చూసేవారికి ఇది ఉత్త కాలక్షేపం. కాని ఆ గంటసేపు ఆ వృద్ధుల మెదడు చేసే పని సామాన్యమైనది కాదు.

అటువంటి వీధిలోనే మరో దృశ్యం కూడా ఉంటుంది. అది బయటికి కనిపించదు. లోపలి గదిలో మంచం మీద ఒక వృద్ధురాలు. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు, కూతురు హైదరాబాదులో. నెలనెలా డబ్బు వస్తుంది. వేళకు భోజనం, మందులు అందుతాయి. ఏ లోటూ లేదని ఇంట్లోవారు తృప్తిగా ఉంటారు. కాని ఉదయం నుంచి రాత్రి వరకు ఆమెతో మాట్లాడినవారు ఎవరు? ఆమెను ఒక సలహా అడిగినవారు ఎవరు? వైద్యశాస్త్రం ఇప్పుడు ఈ ప్రశ్నను కూడా అడుగుతోంది.

సమస్య ఎంత పెద్దది?

2011 జనగణన నాటికి భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10 కోట్ల 38 లక్షల మంది. ఆ సంఖ్య తరువాత పెరుగుతూనే వచ్చింది. వృద్ధాప్యంపై దేశవ్యాప్తంగా జరుగుతున్న దీర్ఘకాలిక అధ్యయనంలో భాగంగా మెదడు ఆరోగ్యాన్ని కూడా పరిశీలించారు. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని అంచనా. పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే గ్రామాలలో ఇది ఎక్కువగా కనిపించింది.

డిమెన్షియా అంటే కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వంటి మామూలు మరుపు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టడం వంటి శక్తులు క్రమంగా దెబ్బతిని, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితి అది. దానిని కలిగించే వ్యాధుల్లో అల్జీమర్స్ ప్రధానమైనది. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల కూడా డిమెన్షియా వస్తుంది. తెలిసినవన్నీ తెలియకుండా పోయే వయస్సుకు కొందరు చేరుకుంటారన్న సంగతిని దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరా (16:70) కూడా ప్రస్తావించింది. ఆ దశ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పగలవారు లేరు. అయితే దాన్ని కొంత ఆలస్యం చేయగల మార్గాలు ఉన్నాయి.

సంభాషణ మెదడుకు వ్యాయామం

ఇద్దరు మాట్లాడుకోవడం తేలికగా కనిపిస్తుంది. నిజానికి మెదడుకు అదొక కఠిన పరీక్ష. ఎదుటివాని మాట వినాలి. ముఖం చూసి అతని మనస్సు గ్రహించాలి. పేరు, పాత సంగతులు గుర్తు తెచ్చుకోవాలి. తగిన జవాబు వెతకాలి. అనకూడని మాటను ఆపుకోవాలి. ఇవన్నీ క్షణాలలో, ఒకేసారి జరగాలి. ఇందుకు మెదడులోని అనేక భాగాలు కలిసి పనిచేస్తాయి.

జీవితమంతా ఇలా పనిచేసిన మెదడులో నాడీకణాల మధ్య సంబంధాలు బలపడతాయి. ఒక దారి మూసుకుపోయినా మరో దారిన పని నడిపించుకోగల సామర్థ్యం మెదడుకు వస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని మెదడు కూడబెట్టుకున్న నిల్వ శక్తిగా భావిస్తారు. డెల్టా రైతుకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఒక కాలువకు గండి పడితే, వేరే కాలువ ఉన్న పొలానికి నీరు ఆగదు.

ఒంటరితనం దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. దీర్ఘకాలం మనసు ఒత్తిడికి గురైతే కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువసేపు అధికంగా ఉండిపోవచ్చు. జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోకాంపస్ అనే భాగానికి అది మంచిది కాదు. నిద్ర చెడుతుంది, దిగులు పెరుగుతుంది, నడక తగ్గుతుంది. మందు వేసుకున్నారా అని గుర్తుచేసేవారు కూడా ఉండరు. బీపీ, షుగర్ అదుపు తప్పితే ఆ నష్టం కూడా చివరికి మెదడునే తాకుతుంది.

హైదరాబాదులో బయటపడిన విశేషం

ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశోధన ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. ఫలితాలు 2013లో ప్రచురించారు. వారిలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారితో పోలిస్తే వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి.

ఇది చదువు వల్ల వచ్చిన తేడా అని ఎవరైనా అనవచ్చు. అందుకే పరిశోధకులు అసలు అక్షరజ్ఞానం లేనివారిని వేరుగా తీసి చూశారు. వారిలో కూడా రెండు భాషలు మాట్లాడేవారికి వ్యాధి సుమారు 6 సంవత్సరాలు ఆలస్యంగా వచ్చింది. మూడో భాష, నాలుగో భాష తెలిసినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఇది ఆసుపత్రికి వచ్చిన రోగుల మధ్య పోలిక మాత్రమే. కనుక అందరికీ ఇంతే ఆలస్యం జరుగుతుందని చెప్పడానికి లేదు.

అయినా ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో ఎన్నో. బడికి వెళ్లని దాదీ, నానీ కూడా ఈ రెండు భాషల మధ్య సునాయాసంగా తిరుగుతూ జీవించారు. ఆ భాష వారికి పుస్తకం నుంచి రాలేదు. పాలవాడు, కుట్టుపని ఇచ్చే ఇల్లాలు, పక్కింటివారు, ఆసుపత్రిలో నర్సు, ఇలా మనుషుల నుంచి వచ్చింది. మనుషులు దూరమైతే ఆ రెండో భాష కూడా మూలన పడుతుంది.

ఇతర దేశాల అనుభవం

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 75 ఏళ్లు దాటిన 1,203 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. బంధుమిత్ర సంబంధాలు బలహీనంగా ఉన్నవారికి డిమెన్షియా ముప్పు 60 శాతం ఎక్కువని తేలింది.

అమెరికాలోని చికాగో పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనం మరింత ఆశ్చర్యకరమైనది. బ్రతికి ఉండగా జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించుకున్న 89 మంది వృద్ధుల మెదడును మరణానంతరం పరీక్షించారు. కొందరి మెదడులో అల్జీమర్స్ మచ్చలు బాగానే ఉన్నాయి. అయితే తరచుగా కలిసే బంధువులు, స్నేహితులు ఎక్కువమంది ఉన్నవారిలో, అంతే వ్యాధి ఉన్నప్పటికీ, జీవించి ఉన్నప్పుడు ఆలోచనాశక్తి మెరుగ్గా ఉండేది. అంటే సంబంధాలు వ్యాధిని తుడిచివేయలేదు. వ్యాధిని తట్టుకునే శక్తితో వాటికి సంబంధం కనిపించింది.

లండన్‌లో ప్రభుత్వోద్యోగులు 10,228 మందిని దశాబ్దాలపాటు పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 60 ఏళ్ల వయసులో దాదాపు రోజూ స్నేహితులను కలిసేవారికి, కొన్ని నెలలకోసారి కలిసేవారి కంటే డిమెన్షియా ముప్పు 12 శాతం తక్కువ. బంధువులను కలవడంలో అటువంటి తేడా కనిపించలేదు. ఇంటినిండా మనుషులున్నారు కదా అని ఊరుకునేవారు దీని గురించి ఆలోచించాలి. ఒక కప్పు కింద ఉండడం వేరు, మనసువిప్పి మాట్లాడుకోవడం వేరు.

కారణమా, ఫలితమా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డిమెన్షియా బయటపడటానికి కొన్నేళ్ల ముందే మనిషి నలుగురిలోకి రావడం తగ్గించవచ్చు. పేర్లు గుర్తుకురాక, మాట తడబడి, సిగ్గుపడి తప్పుకుంటారు. అందువల్ల ఒంటరితనం వల్లనే వ్యాధి వచ్చిందా, వ్యాధి వల్ల ఒంటరితనం వచ్చిందా అనేది ప్రతి సందర్భంలో తేల్చడం కష్టం. ఎన్నో ఏళ్ల ముందు నుంచి గమనించిన అధ్యయనాలు ఉన్నందునే శాస్త్రజ్ఞులు ఒంటరితనాన్ని ముప్పుగా పరిగణిస్తున్నారు. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024 నివేదికలో డిమెన్షియాకు దారితీసే 14 ముప్పులను పేర్కొంది. అధిక రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం, చదువు లేకపోవడం వంటివాటితో పాటు సంఘానికి దూరంగా ఉండడం కూడా ఆ జాబితాలో ఉంది. ఈ 14 ముప్పులను తొలగించగలిగితే సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు లేక ఆలస్యం చేయవచ్చని ఆ సంఘం అంచనా.

వినికిడి తగ్గితే

ఆ జాబితాలో వినికిడి లోపం కూడా ఉంది. చెవి సరిగా వినిపించని మనిషి మొదట్లో మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఎదుటివారు విసుక్కుంటే అడగడం మానేస్తాడు. తరువాత నవ్వి తల ఊపుతాడు. చివరకు సభకే రావడం మానేస్తాడు. ఇంట్లోవారు ‘ముసలితనం’ అని సరిపెట్టుకుంటారు. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వయసు గల 977 మందిపై మూడేళ్లు జరిపిన ప్రయోగ ఫలితాలు 2023లో వచ్చాయి. చెవి యంత్రాల వల్ల అందరిలో కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మేధాశక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. కనుక చెవి, కన్ను పరీక్ష చేయించడం కూడా వృద్ధులను మనుషులలో నిలబెట్టే పనే.

చేయదగిన పనులు

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. వృద్ధులకు సేవ చేయడంతో పాటు వారికి ఒక బాధ్యత కూడా ఉంచాలి. మనవళ్లకు ఖాయిదా చెప్పించవచ్చు. పెళ్లి వంటకు కొలతలు అడగవచ్చు. ఫోన్ వాడకం వారికి మనవడి చేత నేర్పించవచ్చు. గల్ఫ్‌లోని కొడుకు డబ్బు పంపినప్పుడు మాత్రమే కాక, వారంలో రెండుసార్లయినా తీరికగా మాట్లాడాలి. ‘బాగున్నారా, మందు వేసుకున్నారా’ అని ఫోను పెట్టేయకుండా ఒక పాత సంగతి అడగాలి. తల్లిదండ్రులు ముసలితనంలో సంతానం దగ్గర ఉన్నప్పుడు ఎలా మెలగాలో చెప్పే ఖుర్ఆన్ ఆయతు (17:23) వారితో మాట్లాడే తీరును ప్రత్యేకంగా నొక్కి చెప్పడం ఆలోచించదగిన విషయం.

మస్జిదుకు రోజూ వచ్చే వృద్ధుడికి రోజుకు ఐదుసార్లు నలుగురిని కలిసే అవకాశం సహజంగానే ఉంది. స్త్రీలకు ఆ అవకాశం తక్కువ. వ్యాధి మాత్రం వారిలోనే ఎక్కువగా కనిపిస్తోంది. కాబట్టి స్త్రీల సమావేశాలకు వృద్ధురాళ్లను తీసుకువెళ్లడం, వారి ఇళ్లకే నలుగురు వెళ్లి కూర్చోవడం మరింత అవసరం. ఎవరూ లేని వృద్ధులు 2021లో ఆరంభమైన 14567 జాతీయ సహాయ నంబరుకు ఫోను చేయవచ్చు.

కలుపుగోలుగా ఉండే మనిషి ఉన్నట్టుండి నలుగురికీ దూరమైతే వైద్యునికి చూపించాలి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. ఇక వ్యాధి నిర్ధారణ అయిన తరువాత మాట్లాడడం వ్యర్థమని అనుకోవడం పొరపాటు. పేరు మరచినవారు కూడా ప్రేమతో పలికిన గొంతును గుర్తించగలరు.

టీకొట్టు బల్ల మీద రోజూ కూర్చునే మనిషి మూడు రోజులుగా రాకపోతే మిగిలినవారు వెళ్లి తలుపు తట్టాలి. ఒంట్లో బాగాలేదంటే అది రోగిని పరామర్శించిన పుణ్యం. బాగానే ఉండి కూడా రావడం మానేశాడంటే, ఆ తలుపు తట్టవలసిన అవసరం ఇంకా ఎక్కువ.