ముదిమిలో కీళ్ల బిగువు – రైతు తెలిసికొనవలసిన విషయములు

ఖరీఫు వరి పిలకలు తొడిగి ఈనికకు వచ్చు దినములలో సుడిదోమ దుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా చేరి రసము పీల్చును. గట్టుమీద నిలిచి చూచువానికి ఆకుకొనలు పచ్చగానే కనిపించును. మడిలోనికి దిగి, వంగి, దుబ్బు విడదీసి చూచినగాని పురుగు జాడ తెలియదు. అట్లు చూడనిచో, చేను వలయములు వలయములుగా ఎండిన తరువాతనే సంగతి బయటపడును.

అట్టి మడి నొకదానిని చూడబోయినప్పుడు అరువది యైదేండ్లు దాటిన ఒక రైతు నాతో ఇట్లనెను: "కళ్లు బాగానే ఉన్నాయండీ, మోకాళ్లే వంగడం లేదు. మడిలోకి దిగి పది రోజులయింది." ఆయనకు దోమను గుర్తించుట నేను నేర్పవలసిన పనిలేదు. నలుబది యేండ్ల అనుభవము గట్టుమీదనే నిలిచిపోయినది. ఆ పంటనష్టమునకు కారణము సుడిదోమ అని మనము వ్రాసికొందుము. మోకాలు కూడ ఒక కారణమని ఒప్పుకొనవలెను.

అందుచేత వ్యవసాయ పత్రికలో కీళ్ల మాట ఎందుకని పాఠకులు అనుకొనరాదు. ఎద్దు కుంటిన వెంటనే గమనించి వైద్యము చేయించు రైతు తన కాలి సంగతి ఏండ్ల తరబడి వాయిదా వేయుచున్నాడు.

కీలు ఎట్లు పనిచేయును?

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దల సామెత. మోకాలిలో ఎముకల చివరలను నున్నని మృదులాస్థి కప్పియుండును. దానిలో రక్తనాళములు లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి ఆహారము. కాలు మోపినప్పుడు మృదులాస్థి నొక్కుకొని, కాలు తీసినప్పుడు మరల ఉబ్బి, ఆ ద్రవమును పీల్చుకొనును. బండికి ముందు కందెన వేసి తరువాత నడిపింతుము. కీలునకు నడిచినప్పుడే కందెన అందును.

"మోకాలు అరిగినది, ఇక కదలక కూర్చుండుము" అని ఇంటివారు ప్రేమతో చెప్పు మాట చాలవరకు కీడే చేయును. కూర్చున్నకొలది తొడ ముందుభాగపు కండరము సన్నబడును. మోకాలిని నిలబెట్టునది ఆ కండరమే. అది బలహీనమైనప్పుడు భారమంతయు కీలుమీద పడును, నొప్పి హెచ్చును. నొప్పికి జంకి మనిషి ఇంకను కూర్చుండును. ఈ వలయమును తెంచుటయే మనము చేయవలసిన పని. మితిమీరిన శ్రమ ఎంత చెరుపో, పూర్తి విశ్రాంతియు అంత చెరుపు.

దినచర్యలో చేయదగిన అభ్యాసములు

వీనికి ఖర్చులేదు. ఒక మంచము, గోడకు ఆనించిన కుర్చీ లేక ఎత్తు అరుగు ఉన్న చాలును.

1. తెల్లవారి మంచము దిగకమునుపే చీలమండలను పైకి, క్రిందికి 10 సార్లు కదల్చుడు. పిదప ఒక్కొక్క మోకాలిని మెల్లగా ముడిచి చాపుడు.

2. కాలు చాపి, మోకాలి క్రింద తువ్వాలు చుట్టపెట్టి, దానిని మోకాలితో అదిమి 5 లెక్కించువరకు ఉంచుడు. ఒక్కొక్క కాలికి 10 సార్లు.

3. కుర్చీపై కూర్చుండి కాలిని నిటారుగా ముందుకు చాచి 5 లెక్కించి దింపుడు. ఒక్కొక్క కాలికి 10 సార్లు.

4. చేతుల ఊతము లేకుండ కుర్చీనుండి లేచి, మరల నెమ్మదిగా కూర్చుండుడు. మొదట 5 సార్లు, క్రమముగా 10 సార్లు. చేతులు లేనిదే లేవలేనివారు కుర్చీ ఎత్తు పెంచి ప్రారంభింపవచ్చును.

5. గోడనుగాని స్తంభమునుగాని పట్టుకొని మడమలు ఎత్తి మునివ్రేళ్లపై నిలిచి దిగుడు, 10 సార్లు. తరువాత ఒక పాదము ముందు మరొక పాదము ఉంచి కొంతసేపు నిలుచుడు. ఇది తూలి పడకుండ కాపాడును.

6. సమతలమున దినమునకు 10 నిమిషములు నడచుటతో ఆరంభించి, వారమునకు 5 దినములు, దినమునకు 30 నిమిషములవరకు పెంచుడు. అరువది యైదేండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఓ మోస్తరు శ్రమ చేయుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

నొప్పిని కొలుచుటకు సులభమైన సూత్రమొకటి కలదు. చేయునప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నను భయములేదు. మరునాటికి మామూలుకన్న నొప్పి హెచ్చినచో ఆ అభ్యాసమును సగమునకు తగ్గింపుడు, పూర్తిగా మానవలదు. నారు పోసిన మరునాడే కంకి రాదు. ఆరు నుండి ఎనిమిది వారములు విడువక చేసినగాని ఫలితము తెలియదు.

పొలములో చేయదగిన మార్పులు

గొంతుకూర్చుండి తొలికతో కలుపు తీయునప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకొని మిక్కిలి ఒత్తిడికి లోనగును. అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేయుడు. వరుసలలో నాటిన వరికి కోనోవీడరు వాడినచో నిలుచుండియే కలుపు తీయవచ్చును. 2003లో శ్రీ పద్ధతి మన ప్రాంతమున ప్రచారములోనికి వచ్చినప్పటినుండి ఈ పరికరము చాలమందికి పరిచితమే. దానిని నెట్టుటకు బలము కావలెను గనుక పెద్దలు కొద్దికొద్ది సేపు మాత్రమే పట్టవలెను. మెట్టపైరులకు పొడవైన పిడి గల పరికరములు మేలు.

నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలుట సుడిదోమ నివారణకు మేము ఎప్పుడును చెప్పునదే. గాలి వెలుతురులతోపాటు దానివలన మరొక లాభము కలదు: పెద్దవాడు దుబ్బులు తొక్కకుండ, కాలు జారకుండ, కఱ్ఱ ఊతముతో మడి మధ్యకు పోయి దుబ్బు మొదలు చూడగలడు.

కఱ్ఱను నొప్పి లేని కాలి వైపు చేతితో పట్టుకొనవలెను. చాలమంది నొప్పి ఉన్న వైపుననే పట్టుచున్నారు. దానివలన ఉపయోగము తక్కువ. పాలు పితుకునప్పుడు అడుగు ఎత్తు పీట వాడుడు. 45 కిలోల యూరియా బస్తాను ఒక్కరే భుజమున వేసికొనక, రెండు మూడు భాగములుగా మోయుడు.

ఆహారము, బరువు

శరీరపు బరువు ఒక కిలో తగ్గినచో, అడుగు వేసినప్పుడెల్ల మోకాలిపై భారము సుమారు 4 కిలోలు తగ్గును. బరువు హెచ్చుగా ఉన్నవారు అన్నము కొంత తగ్గించి పప్పు, కూర పెంచవలెను. సన్నగా ఉన్న పెద్దలు మాత్రము కడుపు మాడ్చుకొనరాదు. కండరము నిలుచుటకు పప్పు, ఉలవలు, పాలు, గ్రుడ్లు అవసరము. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉన్నది. ఇల్లు కదలని పెద్దలను ఉదయము కొంతసేపు ఎండలో కూర్చుండబెట్టుడు.

వైద్యుని చూడవలసిన సందర్భములు

సామాన్యపు అరుగుదలలో ఉదయపు బిగువు అరగంటలోపల సడలును. గంటకు మించి ఉండి, చేతివ్రేళ్లు మున్నగు అనేక కీళ్లు వాచినచో అది వేరు వ్యాధి కావచ్చును. కీలు ఎఱ్ఱబడి వేడిగా వాచినను, జ్వరము వచ్చినను, పడిన తరువాత కాలు మోపలేకున్నను, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుచున్నను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

పేరులేని పొట్లములు, తక్షణము నొప్పి పోగొట్టు సూదులు నమ్మవలదు. అట్టివానిలో స్టిరాయిడ్లు ఉండవచ్చును. విడువక వాడినచో అవి ఎముకలను గుల్లచేసి, రక్తములో చక్కెర పెంచును. నొప్పి బిళ్లలను వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగుట జీర్ణకోశమునకు, మూత్రపిండములకు హాని.

మెడ, నడుము, కీళ్లు ఊరిలో అనేకులకు, నడివయసు వారికి సైతము, బిగిసిపోవుచున్నచో నీటిని అనుమానింపుడు. ఫ్లోరైడు వలన కలుగు ఈ వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లా ప్రాంతమున వైద్యులు వర్ణించిరి. నల్లగొండ ప్రాంతపు బాధ అందరును ఎరిగినదే. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. కాచినంత మాత్రమున అది పోదు. బోరునీటిని పరీక్ష చేయించుటయే మార్గము.

గ్రామాధికారులకు ఒక మనవి

పంచాయతీ కార్యాలయపు మెట్లకు పట్టుకొను కమ్మీ, చౌకదుకాణము వద్ద కూర్చుండుటకు ఎత్తైన బల్ల, పెద్దలు వాడు మరుగుదొడ్డిలో ఎత్తు పీట, గోడకు ఒక పిడి – ఇవి స్వల్ప వ్యయముతో సాధ్యమగును. రైతుల సమావేశములలో వృద్ధులను చాపమీద కాక కుర్చీలో కూర్చుండబెట్టుడు.

పాఠకులారా, రేపు ఉదయము మంచము దిగకముందు చీలమండలు పదిమారులు కదల్చి చూడుడు. ఈ ఖరీఫు వరి ఈనిక దశకు వచ్చునాటికి మీరే మడిలోనికి దిగి, దుబ్బు విడదీసి, దోమ ఉన్నదో లేదో మాకు చెప్పగలరు. ఆ కబురు ఎంత ముందుగా అందిన, పంటకు అంత మేలు.