పార్శ్వపు నొప్పి - తల తిరుగుడు

కళ్లు తిరుగుతున్నాయంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు "పైత్యం చేసింది, నిమ్మకాయ నీళ్లు తాగు" అంటారు. పార్శ్వపు నొప్పి వల్ల కూడా తల తిరుగుతుందని చాలామందికి తోచదు. నాకు ఆ సంగతి డాక్టరుగారు చెప్పారు.

మైగ్రేన్ అనే యీ పార్శ్వపు నొప్పి వున్నవారిలో కొందరికి గది గిర్రున తిరిగినట్టు, నేల ఒరిగినట్టు అవుతుంది. కడుపులో వికారం, వెలుతురూ, చప్పుడూ భరించలేరు. ఐదు నిమిషాలలో తగ్గవచ్చు, మూడు రోజులూ వుండవచ్చు. ఒక్కోసారి తలనొప్పి అసలే రాదు. అందుకే దీన్ని పోల్చుకోవడం కష్టం. దీనికి అంతర్జాతీయంగా అంగీకరించిన లక్షణాల పట్టిక ఏర్పడింది 2012లోనే.

మందులున్నాయి, అవసరమైనవారు వాడవలసిందే. కాని మన చేతిలో వున్నది దినచర్య. మైగ్రేన్ వున్నవారి మెదడు వేళ తప్పడాన్ని సహించదు.

పాపను ఎత్తుకుని మెట్లు దిగాలంటే నాకు భయంగా వుండేది. డాక్టరుగారి సలహాపై ఒక నోటుపుస్తకం పెట్టాను. తల తిరిగిన రోజల్లా, ముందురాత్రి ఎంతసేపు పడుకున్నానో, ఏం తిన్నానో, ఎండలో తిరిగానో, నెలసరి దగ్గర పడిందో రాశాను. మూడు నెలలకు గుట్టు తెలిసింది. ఏకాదశి ఉపవాసాలు, పెళ్లిళ్లలో జాగారాలు, వేళ తప్పిన కాఫీ - ఇవీ నా శత్రువులు!

మీ శత్రువులు వేరు కావచ్చు. అయినా కొన్ని నియమాలు అందరికీ మంచివే. ఆదివారమైనా సరే, ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవండి. భోజనం మానకండి, ఉపవాసమున్నా పాలో, పండో తీసుకోండి. దాహమయ్యేదాకా ఆగకుండా మంచినీళ్లు తాగండి. కాఫీ మితంగా, రోజూ ఒకే వేళకు తాగండి. ఒక్కసారిగా మానేసినా తలనొప్పి వస్తుంది. రోజూ కాసేపు నడవండి. టేస్టింగ్ సాల్టు వంటివి కొందరికే పడవు. పుస్తకంలో రుజువైతేనే మానండి. తూలుడు మిగిలినవారికి తల, చూపు కదలికల వ్యాయామాలున్నాయి. తెలిసినవారి దగ్గరే నేర్చుకోవాలి.

జబ్బు పూర్తిగా పోయిందనను. నెలకు నాలుగైదుసార్లు వచ్చేది, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తోంది. పాపతో మెట్లు ధైర్యంగా దిగుతున్నాను.

ఒక్క హెచ్చరిక. తల తిరగడంతోపాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలుచేతులు పట్టు తప్పినా, వస్తువులు రెండుగా కనిపించినా, హఠాత్తుగా చెవి వినబడకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా నిమ్మకాయ నీళ్లతో కాలక్షేపం చెయ్యకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.