నరసాపురం వచ్చిన ఇద్దరు పనివాళ్లు



మన సంఘంలో పెరిగిన ఒక నర్సమ్మాయి కువైట్ వెళ్లే ముందు ప్రార్థన చేయించుకోవడానికి ఇంటివారితో కలిసి వచ్చింది. ప్రార్థన అయ్యాక అందరూ లేచారు. ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. "అయ్యగారూ, అక్కడ ఎవరికైనా నా విశ్వాసం గురించి చెప్పాలంటే ఎలాగండీ? బయట చెప్పకూడదంట కదా" అంది. నిజమే. అక్కడి ముస్లిములకు క్రైస్తవ బోధ చేస్తే ఆ దేశ చట్టంతో చిక్కులు రావచ్చు. చట్టాన్ని మీరమని నేను చెప్పలేదు, చెప్పను కూడా. ఆ అమ్మాయికి మన డెల్టాకు వచ్చిన ఇద్దరు యువకుల సంగతి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో బార్న్‌స్టేపుల్ అనే ఊరు ఉంది. ఆ ఊరివాళ్లే విలియం బౌడెన్, జార్జి బీర్. బౌడెన్ గారిది రాతిపని, బీర్ గారిది చెప్పులు కుట్టే పని. ఇద్దరూ కొత్తగా సంసారంలోకి అడుగుపెట్టినవాళ్లే. వాళ్లను మన దేశానికి తీసుకువచ్చినది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఆస్పత్రి పత్రికలో ఈయన వృత్తి చెప్పకపోతే తప్పు: ఆయన పళ్ల డాక్టరు. మంచి ప్రాక్టీసు వదులుకుని బాగ్దాదు వెళ్లారు. 1831లో అక్కడ ప్లేగు వచ్చినప్పుడు భార్యను పోగొట్టుకున్నారు. అయినా వెనక్కి తగ్గక, 1836లో ఈ రెండు జంటలను వెంటబెట్టుకుని ఓడలో చెన్నపట్నం చేరారు. బౌడెన్, బీర్ కుటుంబాలు అక్కడినుండి మచిలీపట్నం వచ్చి, ఆ తరువాత నరసాపురంలో స్థిరపడ్డాయి. వీరి సేవే గోదావరి డెల్టా మిషన్ అయ్యింది. వెనుక పెద్ద సొసైటీ లేదు, నెలజీతం లేదు. ఎవరైనా పంపితే తినడం, లేకపోతే ప్రార్థనలో అడగడం.

అప్పటి డెల్టాను మనం ఊహించుకోవడం కష్టం. ఆనకట్ట లేదు, కాలువలు లేవు. వాన ఎక్కువైతే ముంపు, తక్కువైతే కరువు. వీళ్లు వచ్చిన మూడేళ్లకే, 1839 నవంబరులో, తుపాను ఉప్పెన కోరంగిని ఊడ్చేసింది. జ్వరాల సంగతి సరేసరి. మలేరియా దోమవల్ల వస్తుందని సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో. అంటే ఈ జంటలు వచ్చిన అరవై ఏళ్లకు! దోమతెర దేనికి కట్టుకోవాలో, నీళ్లు ఎందుకు కాచుకోవాలో ఎవరూ చెప్పలేని రోజుల్లో, ఎవరినీ ఎరుగని ఊళ్లో కాపురం పెట్టారు.

అన్నిటికంటే పెద్ద కష్టం మన భాష. కొత్త నిబంధన 1818 నాటికే తెలుగులో అచ్చయింది గనుక చేతిలో పుస్తకం ఉంది. కానీ పుస్తకం ఉండడం వేరు, సంతలో నిలబడి మాట్లాడడం వేరు. బ్రౌన్ దొరగారి తెలుగు నిఘంటువు 1852లో గానీ రాలేదు. ఆ రోజుల్లో దొరలకు మున్షీ నేర్పే తెలుగు గ్రాంథికం. వీధిలో వినపడేది గోదావరి యాస. ఎవరిని "ఏమయ్యా" అనాలి, ఎవరిని "ఏమండీ" అనాలి, ఎవరింటి గుమ్మం దాకా వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి? అవేవీ పుస్తకంలో ఉండవు.

ఒక్క మాట చూడండి. ప్రసంగంలో "పాపం" అంటే దేవుని ఎదుట మనిషి చేసిన తప్పు. మన వీధిలో "పాపం" అంటే? పక్కింటి పిల్లాడికి జ్వరమొస్తే "అయ్యో పాపం" అంటాం. కొత్తగా వచ్చిన దొర అరుగు మీద నిలబడి "పాపం, పాపం" అంటుంటే, వినే ముసలమ్మకు ఆయన తనమీద జాలిపడుతున్నాడనే అనిపించి ఉంటుంది. ఇది నా ఊహే సుమా. కానీ వార్డులో రోగుల పక్కన కూర్చునే నాకు అది పెద్ద పొరపాటుగా తోచదు. మన మాటలో జాలి వినబడకపోతే మిగిలిందేదీ వాళ్ల చెవికెక్కదు.

మొదటి సంవత్సరాల్లో కనిపించిన ఫలం చాలా తక్కువ. ఉత్తరం ఇంగ్లండు చేరడానికే నెలలు పట్టే కాలం. జవాబు వచ్చేసరికి అడిగిన కష్టం తీరనైనా తీరేది, లేక మరొకటి వచ్చిపడేది. వీళ్ల భార్యల గురించి మన సంఘాల్లో ఎవరూ ఎక్కువ చెప్పుకోరు. నాకది అన్యాయంగానే కనిపిస్తుంది. ఆ రోజుల్లో మగవాడు అడుగుపెట్టలేని లోపలి వసారాల్లోకి వెళ్లగలిగేది ఆడవాళ్లే. తరువాతి కాలంలో 1883లో గుంటూరుకు డాక్టర్ అన్నా కుగ్లర్ గారు, 1895లో రాజమండ్రికి డాక్టర్ లిడియా వర్నర్ గారు రావలసిన అవసరం కూడా అక్కడినుండే పుట్టింది. మగ డాక్టరుకు నాడి చూపించని తల్లులు ఎంతమందో!

ఇక ధవళేశ్వరం. 1847లో కాటన్ దొరగారు ఆనకట్ట పని మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. రాళ్లు కొట్టడానికి, మోయడానికి వేలమంది కూలీలు చేరారు. చాలామంది ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వని కులాలవాళ్లు. బౌడెన్ గారు కొంతకాలం ఆ కూలీల మధ్య సేవ చేశారు. రాతిపనివాడు రాళ్లు మోసేవాళ్ల మధ్య నిలబడ్డాడు. సుత్తి దెబ్బకు వేలు చితికితే ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. డెల్టాలో సువార్త వేళ్లూనింది ఎక్కువగా ఇలాంటి పేద కులాల మధ్యనే. మన కుటుంబాల్లో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది. అన్నం కోసం కలిశారని ఎద్దేవా చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తనను మనిషిగా పలకరించి, తన పక్కన కూర్చున్నవాడి దేవుడు ఎవరో తెలుసుకోవాలని ఒక కూలివాడికి అనిపించడం వాళ్లకు అర్థం కాదు.

బీర్ గారు 1853లో కన్నుమూశారు. అదే ఏడు ఇంగ్లండులో గ్రోవ్స్ గారు కూడా చనిపోయారు. బౌడెన్ గారు మాత్రం 1876 వరకు, అంటే నలభై ఏళ్లు, ఈ సేవలోనే ఉన్నారు. రెండు కుటుంబాల పిల్లలూ తండ్రుల పనినే కొనసాగించారు.

ఇదంతా చెప్పి, "అమ్మా, నువ్వు వెళ్లేది నర్సు ఉద్యోగానికి. ముందు వాళ్ల భాష నేర్చుకో. రాత్రి డ్యూటీలో గంట కొట్టిన పేషెంటు దగ్గరకు విసుక్కోకుండా వెళ్లు. ఎవరైనా తమంతట తామే నిన్ను అడిగితే, అప్పుడు నీకు తెలిసింది నిజాయితీగా చెప్పు" అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది గానీ, ముఖంలో పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

మూడు నెలల తరువాత ఫోను చేసింది. ఊరి సంగతులు, అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి అయ్యాక, అరబ్బీ ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"అంకెలు వచ్చాయండి, అయ్యగారూ. అన్నిటికంటే ముందు 'వజా' నేర్చుకున్నాను."

"అంటే?"

"నొప్పి అండి. ఎక్కడ అని అడగడం కూడా వచ్చింది."