కాలేజీ మాట కాయ దిగేటప్పుడు కాదు, పూత రాకముందే ఎత్తాలి

మా నూజివీడు పక్క ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎవర్ని పలకరించినా ఒకటే మాట. కాయ ఎట్టా ఉంది, ఈదురుగాలికి ఎంత రాలింది, రసాలు ఏ రేటు పలికినయ్. సరిగ్గా ఆ రోజుల్లోనే పదో తరగతి ఫలితాలొస్తాయి. పిల్ల జీవితం ఏ తోవన పోవాలో తేల్చుకోవాల్సిన నెల, ఇంటిల్లిపాదికీ ఊపిరి తీసుకునే తీరిక లేని నెల, రెండూ ఒకటే. ఈ ఊళ్లలో లెక్కల మాస్టారుగా పనిచేసే నాకు ఆ ముక్క బుర్రకెక్కడానికి ఒక పిల్ల నష్టపోవాల్సి వచ్చింది.

కరోనా తర్వాత బడులు మళ్లీ గాడిన పడ్డ ఏడాది సంగతి. వాళ్ల నాన్న కౌలు తోటకి కాపలా. వాళ్లమ్మ కాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులో కూలి. కాపు మొదలైతే సంసారం మొత్తం తోటలో పాకలోకి మారిపోద్ది. ఆ పిల్ల మా బడికి ఫస్టొచ్చింది. నేను సంతోషపడ్డా, ఇంటికెళ్లి అందరికీ చెప్పుకున్నా. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టే ఉంటదిలే అనుకున్నా. ఆఖరికి టీసీ కోసం వచ్చినప్పుడు అడిగా.

"ట్రిపుల్ ఐటీకి పెట్టావా అమ్మా?"

"అదేదో పెద్ద పరీక్ష రాయాలంటగా సార్. మేం కోచింగ్ తీసుకోలేదుగా."

పరీక్షే లేదు. గడువు మాత్రం అప్పటికే దాటిపోయింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాటనలేదు. "మాకేం తెలుసు మాస్టారూ, మీరు చెప్తే చేసేవాళ్లం" అన్నాడంతే. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. ఆ పిల్ల ఇంటర్ పూర్తిచేసింది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. చెడిపోయిందేమీ లేదు. కాకపోతే రెండు కాపుల కూలి డబ్బులు ఫీజులకే పోయినయ్.

ట్రిపుల్ ఐటీ మాకేమన్నా దూరమా? నూజివీడులోనే ఉంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసర మూడు చోట్లా పెట్టారు. బాసర ఇప్పుడు తెలంగాణలో ఉంది. మనకి తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు వచ్చినయ్. దీనికి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటి ట్యూరింగ్ అవార్డు 1994లో అందుకున్న మనిషి. పల్లెటూరి తెలివైన పిల్లలు పట్నం కోచింగుల కాడ ఓడిపోకూడదనే ఈ చదువు పెట్టారు. పదో తరగతి అవగానే చేరితే ఆరేళ్లు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్.

సీటు ఇచ్చేది పదో తరగతి మార్కుల మీదే. 2020, 2021లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు జరక్కపోయేసరికి ఆ రెండేళ్లు మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష పోయింది, "పరీక్ష ఉంటదంట" అన్న మాట మాత్రం ఊళ్లలో ఉండిపోయింది. మా పిల్ల దెబ్బతిన్నది ఆ మాట కాడే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. సర్కారు, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల్లో చదివిన పిల్లలకి మార్కుల మీద 4 శాతం అదనంగా కలుపుతారు. మనోళ్లు ఏం చేస్తన్నారు? ఎనిమిది దాకా సర్కారు బడిలో చదివించి, "మార్కులొస్తాయంట" అని చివర్లో అప్పుచేసి ప్రైవేటు బడిలో వేస్తన్నారు. అక్కడ నాలుగు మార్కులు ఎక్కువొచ్చినా ఇక్కడ కలవాల్సిన 4 శాతం పోతంది. 600 మార్కులకి 4 శాతమంటే 24 మార్కులు. దానికి ఏయే తరగతులు లెక్కలోకి తీసుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదువుకోండి. బడి మార్చే ముందు మాత్రం ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి. పదో తరగతి మొదటిసారే పాసవ్వాలన్నదీ గుర్తుంచుకోండి.

క్యాంపస్ గోడ పక్కనే మా ఊరు, మాకు సీటు ముందిస్తారని కొందరి భ్రమ. అట్టా ఏమీ లేదు. స్థానికులకి 85 శాతం సీట్లంటే మన మండలానికి కాదు. పాత ఆంధ్రా యూనివర్సిటీ పరిధి మొత్తానికి, అంటే శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. పిల్ల వరసగా ఎక్కడెక్కడ చదివిందన్న దాన్ని బట్టే స్థానికత తేలుద్ది. మాకు తెలంగాణ పక్కనే. పిల్లల్ని ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో బంధువుల ఇంట్లో ఉంచి చదివించేవాళ్లున్నారు. వాళ్లు ఈ ముక్క ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు అసలు మాటకొస్తా. మామిడి రైతు ఏప్రిల్‌లో తోటపని మొదలెడతాడా? కాపు దిగి తొలకరి పడగానే ఎండుకొమ్మలు కత్తిరిస్తాడు, ఎరువేస్తాడు. చలికాలంలో పూత చూసుకుంటాడు. వేసవిలో కాయ కోస్తాడు. పిల్లల చదువు కాడికొచ్చేసరికి మాత్రం పని మొత్తం కోతల నెలకే వదిలేస్తన్నాం. నేనైతే తరగతి వారీగా ఇట్టా చెప్తన్నా.

ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయించండి. అది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని సర్కారు బడి పిల్లలకి. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్ల ఖాతాలోనే పడతాయి. డబ్బు ఒక ఎత్తు, పోటీ పరీక్ష అంటే భయం పోవడం ఇంకో ఎత్తు.

తొమ్మిదిలో కాగితాల పని. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఒక పేరు, కులం సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఇంకోరకం. పుట్టిన తేదీ తేడాలు సరేసరి. పదో తరగతి నామినల్ రోల్స్ పోయేలోపు ఇవన్నీ ఒకటి చెయ్యాలి. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే చెప్పులరుగుతాయి. బడులు మారిన పిల్లలైతే పాత బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు అప్పుడే తెచ్చుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకి సచివాలయం చుట్టూ తిరిగేది మే నెలలో పెట్టుకోవద్దు. అప్పుడు ఊరంతా అక్కడే ఉంటది.

పదిలోకి రాగానే, చలికాలంలో కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. తియ్యగా మాట్లాడతారు. "మీ పిల్లకి ఫీజు తగ్గిస్తాం, ఇప్పుడు ఐదువేలు కట్టి సీటు పట్టుకోండి" అంటారు. వాళ్లని తిట్టక్కర్లేదు, నాలుగు ప్రశ్నలడగండి. హాస్టలు, మెస్సు, మెటీరియల్ కలిపి రెండేళ్లకి మొత్తం ఎంత? రెండో ఏట పెంచుతారా? ట్రిపుల్ ఐటీలోనో పాలిటెక్నిక్‌లోనో సీటొస్తే కట్టిన డబ్బు, టీసీ, మెమో తిరిగిస్తారా? ఇవన్నీ కాగితం మీద రాసిస్తారా? రాసియ్యనన్న మాటకి విలువ లేదు.

తేదీల సంగతి. పాలిసెట్, ఏపీఆర్‌జేసీ లాంటి వాటికి ఫలితాలు రాకముందే దరఖాస్తు పెట్టాలి. ఫలితాలు చూసి ఆలోచిద్దామంటే ఆ తలుపులు మూసేసి ఉంటాయి. పాలిటెక్నిక్ అంటే తక్కువ చదువని మన ఊళ్లలో ఒక చులకన ఉంది. మూడేళ్ల డిప్లొమా చేతికొచ్చాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏట్లోకే పోవచ్చు. మధ్యలో ఇంటికి కష్టమొస్తే ఆ డిప్లొమాతోనే ఉద్యోగంలో చేరొచ్చు. ఇంటర్‌కి ఆ వెసులుబాటు తక్కువ.

ఇంటర్ గ్రూపు కూడా పక్కింటోళ్లని చూసి తీసుకునేది కాదు. ఎంపీసీ తీసుకుని డాక్టరవుతానన్నా, బైపీసీ తీసుకుని ఇంజినీరవుతానన్నా మామూలుగా కుదరదు. "ఇంటర్ మార్కులదేముంది, ఎంట్రెన్స్ ముఖ్యం" అనేదీ తప్పే. ఏపీ ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్ ర్యాంకుకి ఇంటర్ మార్కుల నుంచి 25 శాతం లెక్కేస్తారు.

మామిడి ఊళ్లో పుట్టి మనం చూడని తోవ ఇంకోటుంది. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. అది వెంకట్రామన్నగూడెంలో ఉన్న డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానిది. బైపీసీ చదివి ఈఏపీసెట్ రాసినోళ్లకి అందులో ఉద్యాన డిగ్రీ ఉంది. పదో తరగతి మీదే చేరే డిప్లొమా కూడా ఉంది. వ్యవసాయ డిగ్రీల్లో రైతు బిడ్డలకి విడిగా కోటా ఉంటది. పొలం ఉండాలి, కొన్నేళ్లు పల్లె బడుల్లో చదివి ఉండాలి అన్నట్టు షరతులుంటాయి. తోట ఉన్నోళ్ల పిల్లలకి సరిపోయే కోటా, పట్టాదారు కాగితం పెట్టెలోనే ఉంటది, అడిగేవాళ్లే లేరు. సొంత సెంటు లేని కౌలుదారు పిల్లలకి మాత్రం ఇది అందదు. తోటలో ఎక్కువ చాకిరీ చేసేది వాళ్లే. ఈ అన్యాయం గురించి ఇంకోసారి గట్టిగా మాట్లాడాలి.

ఇంత చెప్పి, "తల్లిదండ్రులు మేలుకోవాలి" అని ముగిస్తే నేను దొంగనే. తోటలో పాక వేసుకుని ఉన్న మనిషి నోటిఫికేషన్లు వెతుక్కోలేడు. అది మా పని. మాస్టార్లది, సచివాలయం సిబ్బందిది, ఊళ్లో డిగ్రీ చదివి ఫోను చేతిలో ఉన్న కుర్రాళ్లది. ప్రతి బడికీ ఒక మనిషి, ఒక పుస్తకం ఉండాలి. పదో తరగతి పిల్లల పేర్లు, ఏ పిల్ల దేనికి దరఖాస్తు పెట్టింది, ఏ కాగితం లేదు అని రాసుకునే పుస్తకం. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు.

నేను ఆ పుస్తకం పెట్టా. ఆగస్టులో, తోటపని సద్దుమణిగాక, ఒక సాయంత్రం తొమ్మిది, పది తరగతుల పిల్లల్నీ ఇంట్లోవాళ్లనీ బడికి పిలుస్తా. పగలు పిలిస్తే ఒక కూలి పోద్దని సాయంత్రమే పెడతా. పోయినసారి ఒకాయన అంతా విని చివర్లో లేచాడు. "మాస్టారూ, ఈ తేదీలు సరే. అసలు మా పిల్ల ఏం చదవాలనుకుంటందో నేను ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. అక్కడే వెనక బెంచీలో కూతురుంది. "ఇప్పుడడుగు" అన్నా. తండ్రీ కూతుళ్లిద్దరూ సిగ్గుపడ్డారు. నేను పుస్తకంలో ఆ పిల్ల పేరు రాసి, దాని పక్కన గడి ఖాళీగా వదిలా. రెండ్రోజుల తర్వాత తనే వచ్చి నింపింది.