ప్రాణం లేచొచ్చే పొంగణం

* కాట్పాడిలో ఏడు గుంతల పెనం
* రోగికి వేరు.. వెంట వచ్చినోళ్లకు వేరు

కాట్పాడి: చిత్తూరులో బస్సెక్కితే గంటకల్లా కాట్పాడి. క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు దాటగానే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. మాట మాత్రం అంత తొందరగా మారదు. బస్సు దిగిన చోటే 'టీ కావాలా అన్నా' అని తెలుగులో అడిగేవాళ్లు నలుగురైనా కనిపిస్తారు.

ఆ రోజు తెల్లారి ఆరున్నర. వేలూరు వెళ్లాల్సిన పని. టీ తాగి పోదామని చిత్తూరు బస్సులు ఆగేచోట పక్క సందులోకి నడిస్తే మాడిన కరివేపాకు వాసన. తోపుడు బండి మీద గ్యాస్ పొయ్యి, దాని మీద నల్లటి ఇనుప పెనం. మధ్యలో ఒక గుంత, చుట్టూ ఆరు. బండి దగ్గర అరవై దాటిన పెద్దమ్మ. 'ఒక ప్లేటు' అన్నాం. ఆమె గరిటె ఎత్తలేదు. మొహంలోకి చూసి అడిగింది.. "రోగికా నాయనా, నీకా?"

ఇన్నేళ్లుగా ఎన్నో బండ్ల దగ్గర తిన్నాం. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

రెండు గిన్నెలు

బండి మీద పిండి గిన్నెలు రెండు. ఒకదాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిరప, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు కలిపిన పుల్లటి పిండి. రెండోది తెల్లగా ఉంది. అందులో ఉప్పు, చిటికెడు జీలకర్ర తప్ప ఏమీ లేవు. పులుపూ తక్కువే. అది రోగుల గిన్నె. "మిరపకాయ పడదు, పప్పు నమల్లేరు. ఆపరేషనై వచ్చినోళ్లు ఉంటారు, పండ్లు లేని ముసలోళ్లు ఉంటారు. అందరికీ ఒకటే పోస్తే ఎట్ల?" అంటోంది.

రోడ్డు పక్క తిండి రోగికి పెట్టొచ్చా అని ఎవరైనా అడిగితే అది సబబైన మాటే. మేమూ అడిగాం. "డాక్టరు ఏం తినమన్నాడో ముందు అడుగుతా. ఏమీ తినొద్దన్నాడంటే నేను పెట్టను. దుడ్లకి ఆశపడి పెడితే ఆ పాపం ఎవురికి?" అంది. మేం ఉన్న అరగంటలోనే ఒకాయనను అలాగే తిప్పి పంపింది. ఆయన తమ్ముడికి ఆ ఉదయం కడుపు స్కానింగు ఉందట. "అయినాక రాండి, వేడిగా పోసిస్తా" అని చెప్పింది.

ఎక్కడెక్కడి జనం

కాట్పాడి జంక్షన్‌కు వచ్చే రైళ్లలో సగం మంది కాకపోయినా చాలామంది దిగేది వేలూరు సీఎంసీ కోసమే. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికా డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. ఇప్పుడు బెంగాల్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తున్నారు. ఇక చిత్తూరు, కడప, అనంతపురం వాళ్లకైతే పెద్ద జబ్బంటే ముందు గుర్తొచ్చేది వేలూరే. కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఈ స్టేషన్ మీదుగానే పోతుంది.

అందుకే ఈ బండి దగ్గర ఒక్క తిండికి ఎన్ని పేర్లో! మన రాయలసీమ వాళ్లకు గుంతపొంగణాలు. గోదావరి వైపు వాళ్లు 'గుంట పునుగులా ఇవి?' అంటారు. తమిళులకు కుళి పనియారం. కన్నడం వాళ్లకు పడ్డు. పెనం ఇనుముదైనా తమిళంలో దాన్ని 'పనియార కల్లు' అంటారు. కల్లు అంటే రాయి. ఒకప్పుడు రాతివే వాడేవాళ్లట. పెద్దమ్మ పేర్ల గొడవలోకి పోదు. ఎవరు ఏ పేరుతో అడిగితే ఆ పేరుతోనే జవాబిస్తుంది.

అగ్గిపెట్టెల ఊరి నుంచి

ఆమె పుట్టిల్లు గుడియాత్తం. లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరున్న ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చిన్నప్పుడు అమ్మతోపాటు ఇంట్లోనే అగ్గిపెట్టెల డబ్బాలు అంటించేదట. బడికి పోయింది తక్కువ. "గుల్లకి ఇంతని లెక్క. వేళ్లకి గోందు అంటుకోని అన్నం కూడా ఆ వాసనే వస్తా వుణ్ణింది" అని నవ్వింది. అమ్మ పోయాక తనకు మిగిలింది ఈ పెనం. మెట్టినిల్లు మాత్రం మన గుడిపాల మండలం. కూతురిని కూడా అటే ఇచ్చారు.

ఒకే ఇంట్లోకి రెండు రాష్ట్రాలు రావడం ఇక్కడ వింతేమీ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటే. గీత తర్వాత వచ్చింది.

ఆ గీత ఎంత లావుగా ఉంటుందో 2020లో తెలిసింది. లాక్‌డౌన్ వేళ ఏప్రిల్‌లో వేలూరు జిల్లా అధికారులు గుడియాత్తం దగ్గర సైనగుంటలో, పొన్నై వైపు మరోచోట రోడ్డుకు అడ్డంగా గోడలే కట్టించారు. రెండువైపులా జనం మండిపడటంతో వెంటనే కూల్చేశారు. రైళ్లు లేవు, రోగులు లేరు, బండి లేదు. కమ్మలు తాకట్టు పెట్టానని పెద్దమ్మ చెప్పింది. కూతురిని చూడటానికి నెలలు పట్టింది. "గోడ కట్నారని విని నవ్వాలనో ఏడవాలనో తెలీలా. రోగం గోడ చూసి నిలబడతాదా నాయనా?"

కమ్మలు విడిపించుకున్నారా అని అడగబోయి చెవుల వైపు చూసి ఊరుకున్నాం.

మూడు తినింది!

ప్లేటుకు ఏడు, ముప్పై రూపాయలు. పైన కరకర, లోపల మెత్తన. పంటికింద శనగపప్పు, వెనకాల మిరప ఘాటు. పక్కన పల్లీల చట్నీ. పొద్దున్నే వేడివేడిగా నాలుగు లోపల పడితే ప్రాణం లేచొచ్చింది. ఇంత దూరం పొంగణాల కోసం రావాలా అంటే అక్కర్లేదు. ఇటు వచ్చినప్పుడు మాత్రం వదలొద్దు.

మేం చేతులు కడుక్కుంటుంటే కడప నుంచి వచ్చిన ఒకతను రోగుల గిన్నెలోంచి ఒక ప్లేటు పోయించుకున్నాడు. వాళ్లమ్మ ఎదురుగా అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. రెండు రోజులుగా నీళ్లు, బిస్కెట్ తప్ప నోట్లో పెట్టలేదట. మెత్తటి తిండి ఏదైనా పెట్టండని డాక్టరు చెప్పినా తినడం లేదని అతని బాధ. పెద్దమ్మ ఆ పొంగణాలను రెండుసార్లు తిప్పింది, ఎర్రగా కానివ్వలేదు. నూనె గుడ్డకు అద్ది ఆకులో పెట్టి ఇచ్చింది.

చిత్తూరు బస్సు హారన్ కొట్టింది. అతను మళ్లీ బండి దగ్గరికి పరుగున వచ్చాడు.

"మూడు తినిందమ్మా! ఇంకో నాలుగు పోయి. కారం లేకుండా."